బ్లూటూత్ కాదు బిడ్డా

రాయదుర్గం దగ్గర అద్దాల మేడలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాని కింద, నేలకు మూడంతస్తుల లోతున, ఎల్లేశం పని. పార్కింగ్. పైన కొన్ని వేల మంది కంప్యూటర్ల ముందు కూర్చుంటారని అతనికి తెలుసు గానీ వాళ్లలో ఒక్కరి మొహమూ గుర్తుండదు. కార్లు మాత్రం బాగా గుర్తుంటాయి. వెనక అద్దానికి కుక్కపిల్ల బొమ్మ అంటించిన ఎర్ర కారు మేడమ్ బుధవారం రాదు. బంపర్ సొట్ట పోయిన తెల్ల కారు సార్ వారం రోజులుగా ఎవరితోనో ఫోన్లో గొడవ పడుతున్నాడు. పిల్లర్ నంబర్ పదిహేడు దగ్గర కారు పెట్టాలంటే అందరికీ భయమే, ఎల్లేశం చెయ్యి ఊపితే తప్ప.

ఆ నేలమాళిగలో నోటితో పని జరగదు. గాలి లాగే పెద్ద ఫ్యాన్లు రోజంతా హోరుమంటుంటాయి, ఒక్క హారన్ కొడితే నాలుగు గోడలూ నాలుగు హారన్లు తిరిగి కొడతాయి. అందుకని అంతా చేతులతోనే. పిడికిలి ఎత్తితే ఆగు. అరచేయి ఊపితే రా. రెండు వేళ్లు కిందికి చూపిస్తే రెండో అంతస్తుకి పో. అరచేయి నెత్తి మీద పెట్టుకుంటే ఇక్కడ నిండిపోయింది, ఇంకో చోటు చూసుకో. అక్కడ గొంతు చించుకుని అరిచేవాడు కనిపిస్తే వాడు కొత్తగా చేరాడని అర్థం. ఎల్లేశం చేరి పదకొండేళ్లయింది.

ఇల్లు బోరబండలో. పొద్దున్నే లోకల్ రైలెక్కి తర్వాతి స్టేషన్ హైటెక్ సిటీలో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటో. భార్య సుష్మ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. ఒక్కతే కూతురు, జ్యోత్స్న. తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి, ఇంటి నుంచి మూడు గల్లీల అవతల స్కూలు. చెప్పిన మాట వినదని చిన్నప్పుడు ఆ పిల్లకు పేరు. అయిదేళ్లు దాటేదాకా అందరూ అదే అనుకున్నారు. పిలిస్తే పలకదు, మొండిది. టీవీకి ముక్కు ఆనించి కూర్చుంటే కళ్లు కనిపించడం లేదేమోనని కళ్ల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లారు. ఆయన అక్షరాలన్నీ చదివించి, పిల్ల వెనక్కి వెళ్లి చిన్నగా పేరు పెట్టి పిలిచి, "కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, చెవులు చూపించండి" అన్నాడు.

చెవుల దవాఖానలో గాజు తలుపుల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. రెండు చెవులూ సగమే పనిచేస్తున్నాయి. పుట్టుకతో వచ్చింది, మందులతో పోదు, మిషన్లు పెడితే బాగా సాయపడతాయి అన్నారు. చెవి వెనక కూర్చునే గోధుమ రంగు మిషన్లు రెండు, వాటిలోకి కందిగింజంత సెల్లులు.

అవి పెట్టించుకుని వసారాలోకి వచ్చాక పిల్ల చేత్తో తడుముకుంటూ అడిగింది. "డాడీ, గిదేంది?"

ఆ క్షణాన ఎల్లేశానికి కూతురు కనిపించలేదు, మేనమామ కనిపించాడు. మేనమామ పేరు పెద్దన్న. కానీ ఆయన్ను ఉత్త పెద్దన్న అని పిలిచిన మనిషి లేడు. చెవిటి పెద్దన్న. రేషన్ దుకాణంలో చెవిటి పెద్దన్న, కల్లు కాంపౌండ్ దగ్గర చెవిటి పెద్దన్న, పిల్లనిచ్చిన ఇంట్లో కూడా చెవిటి పెద్దన్న. చనిపోయాక గల్లీ మొదట్లో కట్టిన ఫ్లెక్సీలో మొదటిసారి ఆ మాట లేకుండా ఆ మనిషి పేరు పడింది.

ఆ రోజు పొద్దున్నే కార్లోంచి దిగిన వాళ్లంతా చెవుల్లో ఏవో పెట్టుకుని గాలితో మాట్లాడుకుంటూ లిఫ్టు వైపు నడవడం చూసి వచ్చాడు ఎల్లేశం. ఆ దృశ్యం కళ్ల ముందు కదిలింది. నోరు తనంతట తానే తెరుచుకుంది.

"బ్లూటూత్ బిడ్డా. ఆఫీసోళ్లు పెట్టుకుంటరు జూడు, గది."

పిల్ల మొహం వెలిగిపోయింది. సుష్మ మొగుడి వైపు ఓసారి చూసి, కొంగు సర్దుకుంది.

అంతే. మూడున్నరేళ్లు ఆ అబద్ధం ఆ ఇంట్లో మంచినీళ్ల బిందెలా ఓ మూల కూర్చుంది. ఎవరికీ అడ్డం రాలేదు. పైగా పనికొచ్చింది కూడా. మిగతా పిల్లలు మిషన్లు పెట్టుకోమంటే ఏడుస్తారని దవాఖానలో చెప్పుకునేవారు, జ్యోత్స్న మాత్రం పొద్దున లేవగానే బ్లూటూత్ ఏదీ అని వెతుక్కునేది. సెల్లు అయిపోతే, "మమ్మీ, ఛార్జింగ్ అయిపోయింది" అనేది. స్కూల్లో అందరికీ చెప్పింది: మా డాడీ ఆఫీసుల ఇచ్చిండ్రు.

ఒక ఆదివారం సాయంత్రం ఎల్లేశం గడపలో కూర్చుని డ్యూటీ బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. జ్యోత్స్న అతని ఫోన్ పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. ఎప్పుడూ ఎదురుగానే కూర్చుంటుంది, పక్కన కాదు.

"డాడీ, నా బ్లూటూత్ పేరేంది?"

"పేరేంది అంటె?"

"ఫోన్‌ల బ్లూటూత్ ఆన్ జేస్తె పేర్లొస్తయి గదా. మా క్లాసుల జశ్వంత్ వాళ్లక్క ఫోన్‌ల చేసిండు. వాళ్లక్కది వచ్చింది, పక్కింటి అన్నది వచ్చింది, ఎవలదో టీవీ గూడ వచ్చింది. నాదొక్కటి రాలె."

బ్రష్ ఆగింది. "అది... ఆఫీసుది గద బిడ్డా. లాకుంటది."

"లాక్ తియ్యి మరి."

"నేనెట్ల తీస్త? సార్‌ను అడగాలె."

"ఏ సార్?"

"పెద్ద సార్."

జ్యోత్స్న అతని పెదవుల వైపే చూస్తోంది. అవతలి మనిషి నోరు చూస్తూ మాట పట్టుకోవడం ఆ పిల్లకు అలవాటు. ఎల్లేశానికి ఎందుకో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలనిపించింది.

"రేపు అడుగుతవా?"

"అడుగుత."

పిల్ల లేచి వెళ్లిపోయింది. బూటు మాత్రం ఆ రోజు అద్దంలా మెరిసింది, ఎందుకంటే ఎల్లేశం ఆ ఒక్క బూటునే పావుగంట రుద్దాడు.

బుధవారం మధ్యాహ్నం అన్నం గిన్నె విప్పుతుంటే ఫోన్ వచ్చింది.

"ఎల్లేశం గారేనా అండి? జ్యోత్స్న క్లాస్ టీచర్‌ని, తేజస్విని."

"నమస్తె టీచర్. ఏమన్న అయిందా?"

"కంగారేం లేదండి. పాప సోమవారం నుంచి మిషన్లు పెట్టుకోవట్లేదు. మీకు తెలుసా?"

"పెట్టుకునే పోతది టీచర్ ఇంట్లకెల్లి..."

"దార్లో తీసి కంపాస్ బాక్సులో వేసేసుకుంటోందండి. నిన్న డిక్టేషన్‌లో 'ఆవు పాలు తెల్లగా ఉంటాయి' అని నేను చెబితే 'ఆవు కాలు తెల్లగా ఉంటాయి' అని రాసింది. పిల్లలు నవ్వేశారు. పా అన్నా కా అన్నా తనకి ఒకేలా ఉంటుంది కదండీ మిషన్ లేకపోతే. ఏం అడిగినా ఊఁ ఊఁ అని తలూపేస్తోంది, అర్థమైనట్టు. తీరా చూస్తే ఏమీ విననేలేదు. ఎందుకు తీసేశావమ్మా అంటే, లాక్ అయిపోయింది, డాడీ పెద్ద సార్‌ని అడుగుతారు అంటుంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదండి."

ఎల్లేశం చేతిలోని గిన్నె కింద పెట్టాడు.

"క్లాసులో జశ్వంత్ అని ఒక అబ్బాయి, మా తాతకీ అవే ఉన్నాయి, అవి చెవిటి వాళ్ల మిషన్లు, బ్లూటూత్ అని అబద్ధం చెప్పింది అన్నాడట. ఇప్పుడు అందరూ అబద్ధాలకోరు అని పిలుస్తున్నారు. నేను కోప్పడ్డాను, కానీ నా వెనక అంటూనే ఉన్నారు. ఎల్లేశం గారూ, తన చెవుల సంగతి మీరు తనకి ఎప్పుడైనా చెప్పారా?"

"చెప్త టీచర్."

"అంటే చెప్పలేదా?"

"చెప్త."

ఫోన్ పెట్టేశాక అన్నం సగం తిని మూత పెట్టేశాడు. ఒకటిన్నరకు రెండో షిఫ్టు కార్లు మొదలవుతాయి. వెళ్లి ర్యాంపు మలుపులో నిలబడ్డాడు, భుజానికి వాకీటాకీ. పైన గేటు దగ్గర సూపర్‌వైజర్ ఓబులేసు ఉంటాడు. ప్రొద్దుటూరు మనిషి, యాభై దాటాయి, మీసాలు తెల్లబడ్డాయి గానీ గొంతు తెల్లబడలేదు. వాకీటాకీలో ఆయన మాట గరగరమంది. బీ టూ, అంటే కింది రెండో అంతస్తు, అన్నట్టుంది, వదులు అన్నట్టుంది. మధ్యలో ఏదో ఉంది. ఎల్లేశం బుర్రలో ఆవు కాలు తెల్లగా తిరుగుతోంది.

"కాపీ" అన్నాడు, అంతా విన్నాను అన్నట్టు.

పావుగంటలో పదకొండు కార్లు బీ టూ ర్యాంపు మీద ఇరుక్కుపోయాయి. ముందుకు చోటు లేదు, వెనక్కి దారి లేదు. హారన్లతో నేలమాళిగ పెళ్లి ఊరేగింపులా మోగిపోయింది. ఓబులేసు పైనుంచి దిగొచ్చాడు. ఒక్కొక్క కారునూ వెనక్కి లాగి, తిప్పి, కిందికి పంపేసరికి ఇద్దరి చొక్కాలూ తడిసిపోయాయి. ఆఖరి కారు వెళ్లాక ఓబులేసు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏమప్పా ఎల్లేశా, నేను చెప్పిందేంది, నువ్వు చేసిందేంది?"

"కాపీ అన్న గదన్నా."

"అన్నావులే. ఏం కాపీ కొట్టినావో చెప్పు మల్ల."

"...మంచిగ ఇనవడలేదన్నా."

"బీ టూ నిండింది, బీ త్రీకి వదులు అని చెప్పినా. ఇనపడకపోతే రిపీట్ అనల్ల! ఆ మాట పెట్టిండేదే దానికి గదా. రెండుసార్లు అను, పదిసార్లు అను. రిపీట్ అంటే నామోషీనా? నిన్ను నేనేమన్నా చెవిటోడంటానా?"

ఎల్లేశం ర్యాంపు అంచున పసుపు దిమ్మె మీద కూలబడిపోయాడు.

ఓబులేసు గొంతు దించాడు. "ఏందప్పా, ఏమన్నా తప్పు మాట్లాడినానా?"

అప్పుడు చెప్పేశాడు ఎల్లేశం. దవాఖాన వసారా నుంచి పెద్ద సార్ దాకా. ఓబులేసు మీసం దువ్వుకుంటూ విన్నాడు. పెద్ద సార్ దగ్గరకు వచ్చేసరికి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"నవ్వుతాండానని ఏమనుకోవద్దు. పెద్ద సార్ ఎవరప్పా, నేనేనా?"

"ఎవలు లేరన్నా. నోటికొచ్చింది అన్న."

"సరే, ఇంగ చెప్పల్ల గదా. శనివారం తోలుకరా ఇక్కడికి. కార్లుండవు, ఖాళీగా ఉంటాది. ఇంట్లో కూర్చోబెట్టి చెప్తే కోర్టులో తీర్పు చదివినట్టు ఉంటాది. పిల్లోళ్లకి ఏదన్నా చేస్తా చెప్తే తలకెక్కుతాది."

సాయంత్రం సుష్మ కుట్టు మిషన్ తొక్కడం ఆపి విన్నది. పిల్ల బయట గల్లీలో ఆడుకుంటోంది.

"నేను అప్పుడే అన్న" అంది సుష్మ.

"ఎప్పుడన్నవ్?"

"మనసుల అనుకున్న." దారం తెంపింది. "నేనూ నోరు మూసుకునే ఉన్న గద ఇన్ని దినాలు. నీ ఒక్కని తప్పు కాదు. ఏమని చెప్తవ్ మరి? ఏం మాట వాడతవ్?"

"అదే సమజైతలేదు."

"టీచర్లు స్పెషల్ పిల్లలు అంటరు. గట్ల చెప్పు."

"స్పెషల్ అంటె స్పెషల్ చాయ్ అనుకుంటది. ఒక అబద్ధం పోయి ఇంకోటి వస్తది."

సుష్మ నవ్వింది, వెంటనే కళ్లు తుడుచుకుంది. "ఉన్నది ఉన్నట్టు చెప్పు ఇగ. నీ నోటితోనే అయింది, నీ నోటితోనే పోవాలె."

శనివారం తండ్రీకూతుళ్లు రైలెక్కారు. డాడీ ఆఫీసు చూడబోతున్నానని జ్యోత్స్న ఉతికిన గౌను వేసుకుంది. మిషన్లు పెట్టుకోలేదు. మిషన్లున్న కంపాస్ బాక్సు మాత్రం ఎల్లేశం తన ప్యాంటు జేబులో వేసుకున్నాడు. దారి పొడుగునా లోలోపల మాటలు కూర్చుకున్నాడు. హైటెక్ సిటీ స్టేషన్ వచ్చేసరికి ఒక్క వాక్యం కూడా నిలవలేదు.

బీ త్రీ ఖాళీగా, మైదానంలా ఉంది. జ్యోత్స్న ఒక కొస నుంచి ఇంకో కొసకు పరుగెత్తింది. ఎల్లేశం ఇటు నుంచి పిడికిలి ఎత్తి చూపించాడు. ఆగింది. అరచేయి ఊపాడు. వచ్చింది. ఇంకేముంది, అరగంటలో మొత్తం సైగలన్నీ పట్టేసింది. ఓబులేసు స్కూటర్ మీద దిగొస్తే పిడికిలి ఎత్తి ఆయన్నే ఆపేసింది.

"ఆపేసిందప్పా నన్ను! ఈ బిడ్డను రేపట్నుంచే డ్యూటీలో పెట్టుకోవచ్చు" అని ఆయన సలాం కొట్టి పైకి వెళ్లిపోయాడు.

కాసేపటికి ఎల్లేశం భుజాన వాకీటాకీ గరగరమంది. జ్యోత్స్న చెవి దగ్గర పెట్టాడు. "ఏమన్నడు?"

పిల్ల తలూపింది. "ఆఁ."

"ఆఁ గాదు. ఏమన్నడో చెప్పు."

జ్యోత్స్న తల దించుకుంది. అప్పుడు తెలిసింది ఎల్లేశానికి, ఆ తలూపుడు తనకు ఎంత బాగా తెలిసిందో. బుధవారం తను అన్న కాపీ కూడా ఇదే.

"నాకు గూడ ఇనవడలే" అన్నాడు ఆమె ఎదురుగా వంగి. మీట నొక్కాడు. "అన్నా, రిపీట్." మళ్లీ గరగర. "రిపీట్ అన్నా." మూడోసారి ఓబులేసు అరిచిన అరుపు వాకీటాకీ లేకపోయినా వినిపించేది.

"పాపకి బిస్కెట్లు తెప్పించల్లా అని అడుగుతాండా గదప్పా!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వు ఆగాక ఎల్లేశం జేబులోంచి కంపాస్ బాక్సు తీశాడు. "పెట్టుకో బిడ్డా. ఒక మాట చెప్పాలె. మంచిగ ఇనాలె నువ్వు."

"లాక్ తీసిండ్రా?"

"లాక్ లేదు. ఎప్పుడు లేకుండె."

ఫ్యాన్ల హోరుకు దూరంగా, మెట్ల గదిలోకి తీసుకెళ్లాడు. తను కింది మెట్టు మీద, పిల్ల రెండు మెట్ల పైన, మొహాలు ఎదురెదురుగా. జ్యోత్స్న మిషన్లు పెట్టుకుంది.

"అది బ్లూటూత్ కాదు బిడ్డా. చెవి మిషన్. నీ చెవులకు సగమే ఇనవడ్తది. మిగిలిన సగం అది పట్టుకొస్తది."

"జశ్వంత్ గదే అన్నడు."

"జశ్వంత్ అన్నది నిజమే."

"చెవిటోళ్ల మిషన్ అన్నడు. మరి నేను చెవిటిదాన్నా?"

ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. మూడున్నరేళ్లుగా దాన్నుంచే పారిపోతున్నాడు. ఎదురుగా వచ్చాక చూస్తే అది ఒక పిల్ల అడిగిన మామూలు ప్రశ్నే.

"చెవులు తక్కువ ఇనవడేటోళ్లను కొందరు గట్ల అంటరు. నీకు తక్కువ ఇనవడ్తది, అది నిజం. కానీ నీ పేరు జ్యోత్స్న. అది గూడ నిజం. ఎవలన్న పేరు తీసేసి ఉత్త ఆ మాటతోని పిలిస్తె, అట్ల పిలవద్దని చెప్పు."

"ఎప్పుడు తగ్గుతది?"

"తగ్గది."

"పెద్దగయినంక?"

"అయినంక గూడ. పెద్దగయినంక మంచి మిషన్లు వస్తయి, ఫోన్‌కు కలిసేటియి గూడ ఉన్నయట. కానీ మిషన్ ఉండాలె."

జ్యోత్స్న గౌను అంచు వేలికి చుట్టుకుంటోంది. "నేనేమన్న చేసిన్నా? చెవుల పుల్ల పెట్టుకున్నా?"

"లేదు బిడ్డా! నువ్వేం చెయ్యలె. మమ్మీ చెయ్యలె, నేను చెయ్యలె. పుట్టుడే గట్ల పుట్టినవ్. కొందరి కండ్లు పుట్టుకతోనే పిల్లి కండ్లు ఉంటయి చూడు, గట్ల."

జ్యోత్స్న వేళ్లు మడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "మమ్మీకెరుకనా?"

"ఎరుకే."

"టీచర్‌కు?"

"ఎరుకే."

"జశ్వంత్‌కు ఎరుకే. గా మీసాల తాతకు?"

"...ఎరుకే."

"అందరికెరుక. నాకే ఎరుకలేదు."

చెవుల నుంచి మిషన్లు రెండూ తీసి అతని చేతిలో పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుంది. వినిపించదు, నోరు కనిపించదు. తలుపు వేసుకున్నట్టే. ఎల్లేశం ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి ఆగాడు. క్షమించు అనీ, నీ మంచికే అనీ, మామ కథ చెబుదామనీ ఏవేవో గొంతుదాకా వచ్చాయి. ఎవరికి చెప్పాలి? గోడకా? అరచేతిలో మిషన్లు పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. పదకొండేళ్లలో ఎన్నో కార్ల కోసం నిలబడి ఎదురుచూశాడు గానీ ఇంత కష్టమైన ఎదురుచూపు ఎరగడు. పైనుంచి ఎవరో బిస్కెట్ ప్యాకెట్ తెచ్చి మెట్ల మీద పెట్టి వెళ్లారు.

ఎంతసేపటికో జ్యోత్స్న ఇటు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చెయ్యి చాపింది. మిషన్లు ఇచ్చాడు. ఒకటీ, రెండూ, సర్దుకుని పెట్టుకుంది.

"నువ్వు జెప్పిందే నేను క్లాసుల చెప్పిన."

"అవు బిడ్డా."

"మరి అబద్ధం ఎవలు చెప్పినట్టు?"

"నేనే."

"మరి అబద్ధాలకోరు అని నన్నెందుకంటుండ్రు?"

జ్యోత్స్న బిస్కెట్ ప్యాకెట్ చేతిలోకి తీసుకుంది.

"నువ్వు వచ్చి చెప్పు. సోమవారం."

"టీచర్‌కు ఫోన్ చేసి చెప్త."

"టీచర్‌కు గాదు. క్లాసుకు. అందరి ముంగట."

"సోమవారం డ్యూటీ ఉంటది గద..." అంటూనే పిల్ల చూపు తన పెదవుల మీదికి రావడం చూశాడు. "వస్త. ఒట్టు, వస్త."

"ఒట్టు వద్దు. వస్తె చాలు" అంది జ్యోత్స్న, బిస్కెట్ ప్యాకెట్ చింపుతూ. అతనికి ఒక్కటీ ఇవ్వలేదు. రైలెక్కాక కూడా ఇవ్వలేదు. బోరబండ స్టేషన్లో దిగేముందు మాత్రం మిగిలిన ఒకే ఒక్కటి అతని చేతిలో పెట్టింది, అటు చూస్తూనే.

సోమవారం పొద్దున ఓబులేసుకు చెప్పి రెండు గంటలు పర్మిషన్ తీసుకున్నాడు. యూనిఫాం వేసుకునే వెళ్లాడు, అటునుంచి అటే డ్యూటీకి పోవాలి. నాలుగో తరగతిలో ముప్పై మందికి పైనే ఉన్నారు. తేజస్విని టీచర్ అతన్ని బోర్డు ముందు నిలబెట్టింది.

"జ్యోత్స్న వాళ్ల నాన్నగారు మీతో ఒక మాట చెబుతారంట. నిశ్శబ్దం."

మూడో బెంచీలో జ్యోత్స్న కదలకుండా కూర్చుంది. చూపంతా తండ్రి నోటి మీదే ఉంది. వరసగా వచ్చే వంద కార్లను ఒంటి చేత్తో ఆపే మనిషికి ముప్పై మంది పిల్లలు లారీల్లా కనిపించారు.

"జ్యోత్స్న చెవులకు పెట్టుకునేది బ్లూటూత్ కాదు" అన్నాడు. "వినడానికి పెట్టుకునే మిషన్. బ్లూటూత్ అని నేనే చెప్పిన. చిన్నగున్నప్పుడు అడిగితె, నిజం చెప్పెతందుకు నాకు భయమైంది. అబద్ధం చెప్పిన. ఆమె నన్ను నమ్మింది, మీకు అదే చెప్పింది. అబద్ధాలకోరు నేను. ఆమె కాదు."

పెద్దమనిషి ఒకాయన అలా ఒప్పుకోవడం ఆ పిల్లలెవరూ ఎప్పుడూ చూసినట్టు లేదు. ముందు బెంచీ అమ్మాయి నెమ్మదిగా చెయ్యెత్తింది.

"అంకుల్, మరి మీకు పనిష్మెంట్ ఇచ్చిండ్రా?"

"ఇచ్చిండ్రు. ఇదే."

టీచర్ నోటికి చేతి రుమాలు అడ్డం పెట్టుకుంది. చివరి బెంచీలోంచి జశ్వంత్ లేచాడు, చొక్కా గుండీ తిప్పుతూ. "టీచర్, మరి నేను సారీ చెప్పాల్నా? నేను చెప్పింది నిజమే గద."

"మిషన్ గురించి నిజమేరా. అబద్ధాలకోరు అన్నావుగా?"

జశ్వంత్ కాస్త ఆలోచించి, "దానికి సారీ" అని ఠక్కున కూర్చున్నాడు.

అక్కడితో గేట్లు తెరుచుకున్నాయి. "అంకుల్, అది నీళ్లల్ల పడితె?" "పండుకున్నప్పుడు గూడ ఉంటదా?" "దాంట్ల ఇంగ్లీషు గూడ ఇనవడ్తదా?" ఎల్లేశం ఒక్కొక్కదానికీ జవాబు చెప్పబోయాడు. "పండుకున్నప్పుడు తీసి డబ్బాల పెట్టాలె. సెల్లు నెలకోసారి..."

"నెలకు కాదు, వారానికి" అంది జ్యోత్స్న.

అందరూ అటు తిరిగారు. ఆమె బెంచీ దాటి ముందుకు నడిచి వచ్చింది. జుట్టు చెవి వెనక్కి తోసి, కుడి మిషన్ తీసి, అరచేతిలో పెట్టి చూపించింది. "గిదో, గిది తెరిస్తె సెల్లు. డాడీకి మంచిగ తెల్వదు, మమ్మీ నేను మారుస్తం. గట్టిగ అరిస్తె నాకు ఇంకా సమజ్ కాదు, కుయ్యిమంటది. అరవద్దు. నా ఎనకకెల్లి మాట్లాడొద్దు, ముంగటికొచ్చి మాట్లాడున్రి. టీచర్, మీరు బోర్డు మీద రాసుకుంట చెప్తరు చూడున్రి, అప్పుడు నాకేం ఇనవడదు."

"అయ్యో, అవునా తల్లీ? నాకు ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"నాకే ఎరుకలేకుండె టీచర్. బ్లూటూత్ అనుకున్న గద" అంది జ్యోత్స్న. క్లాసంతా నవ్వింది. ఎల్లేశం గబుక్కున అటు చూస్తే పిల్ల కూడా వాళ్లతో కలిసి నవ్వుతోంది.

ఇంకో నాలుగు చేతులు లేచాయి. జ్యోత్స్న ఒక్కొక్క చెయ్యినీ వేలితో చూపిస్తూ అడగమంటోంది. ఎల్లేశం బోర్డు పక్కన, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, టోపీ తిప్పుకుంటూ నిలబడ్డాడు. మధ్యలో ఆమెకు అతను ఇంకా అక్కడే ఉన్నాడని గుర్తొచ్చింది.

"ఇగ నువ్వు పో డాడీ. డ్యూటీకి లేటైతది. నేను చెప్పుకుంట."